మగ్గం గుంతల దిగిన మోకాలు

సుష్మితా! నేను, అమ్మ మల్దకల్ ఊర్ల పెండ్లికి పోతున్నం, పొద్దుగూకెవరకు వస్తం. అన్నం పొయ్యికాడ మూత కింద ఉంది. తిన్నంక గోలీ ఏస్కో, మోకాలికి ఐసు పెట్టుకో.

మగ్గం గుంతల మాత్రం దిగకు. నిన్న దిగినవ్, నాకు తెల్వదనుకున్నవా? బెత్తెడు చీర నేసినవ్ గని, పోగు ఒకతాన బిగువు, ఒకతాన వదులు. ఒంటికాలితో తొక్కితే గట్లనే వస్తది. కాలు కదిలించమని డాక్టరు అన్నది మంచం మీద బిడ్డా, మగ్గం మీద కాదు! కబడ్డీల తెగిన నరానికి ఆపరేషన్ అయి పన్నెండు దినాలు గూడ కాలే. చీమ భుజం మీద మోసుకపోయేటంత చిన్న కెమెరా మోకాలు లోపలికి తోలి కుట్టిండు. మళ్ల తెగితే ఆ చీమను యాడ దేవులాడాలె? అందుకే తొక్కుడు కర్రల తాళ్లు విప్పి నా సంచిల ఏస్కపోతున్న. చీర నెల ఆగుతది. నువ్వు మళ్ల కూతకు పోవాలె గద.

నాయిన

ఈ చీటి చదివి చింపెయ్. గా వంకర నేత ఎవరిదని అమ్మ అడిగితే నాదే అని చెప్పిన. ఇరవై ఏండ్ల సంది నేస్తున్నవ్, సిగ్గు లేదా అని పొద్దుగాల నుంచి తిడుతనే ఉంది.