సంధ్యారాణి కొనబోయే మొదటి స్పీడు కారు

మార్కాపురంలో డ్రైవింగ్ స్కూలు నడిపిన, కీర్తిశేషులు శ్రీకాంత్ గారి భార్య లక్ష్మీకుమారి అను నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాయించుకున్న ఆఖరి వీలునామా ఇది. నా కిడ్నీలు రెండూ పాడైన మాట నిజమే. తెలివీ జ్ఞాపకమూ మాత్రం సరిగ్గానే ఉన్నాయి. డాక్టరు గారి సర్టిఫికెట్టు జతపరిచాను. నాకు సంతానం లేదు. ఇంతకు ముందు వేరే వీలునామా రాయలేదు.

1. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత మా పక్కింటి టీచరు రేణుకకు అప్పగిస్తున్నాను.

2. నేను ఉంటున్న డాబా ఇల్లు శ్రీకాంత్ కట్టించినది. అది ఆయన చెల్లెలు ఉషారాణికి సర్వహక్కులతో చెందాలి. నా మంచం పక్కన నెలల తరబడి కూర్చున్నది ఆమే.

3. డ్రైవింగ్ స్కూలు, నేర్పడానికి వాడే పాత కారు, ఇప్పుడు అక్కడ నేర్పుతున్న జ్ఞానమ్మకు చెందాలి. బోర్డు మీద నా పేరు తీసేసి ఆమె పేరు రాయించుకోవచ్చు.

4. బ్యాంకులో నా పేర ఉన్న డిపాజిట్టు మొత్తం నా తమ్ముడు ఆనంద్ కూతురు సంధ్యారాణికి చెందాలి. దానితో ఆమె తన మొదటి స్పీడు కారు కొనుక్కోవాలి. కారణం ఇక్కడే చెప్పాలి.

పెళ్లికి ముందు నేనూ ఆనంద్ కలిసి కారు ర్యాలీ పోటీలకు వెళ్లేవాళ్లం. స్టీరింగు నాది. పక్క సీట్లో కూర్చుని ముందున్న మలుపులు చదివి చెప్పడం వాడి పని. అర్ధవీడు వైపు మట్టి రోడ్డు మీద కారు బోల్తా పడి వాడి ఎడమ కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతాడు. నేను మాట వినలేదని వాడూ, మలుపు ఆలస్యంగా చెప్పాడని నేనూ ఒకరినొకరం తప్పుపట్టుకున్నాం. "నీ బండి ఇంక ఎక్కను అక్కా" అన్నాడు. ఎక్కలేదు. శ్రీకాంత్ పోయినప్పుడు గిద్దలూరు నుంచి బస్సులో వచ్చి, వాకిట్లోనే నిలబడి వెళ్లిపోయాడు.

పోయిన వానాకాలం సంధ్య వాళ్ల నాన్నకు చెప్పకుండా బెంగళూరు నుంచి నా దగ్గరికి వచ్చింది. ఫోనులో ఒక కారు చూపించి, "మూడొందల హార్స్‌పవర్ అత్తా! బుక్ చేద్దామనుకుంటాండా" అంది. నేను వాదించలేదు. స్కూలు పాత కారు ఆమె చేతికిచ్చి గిద్దలూరు దాటించి నల్లమల ఘాటు ఎక్కించాను. సన్నగా వాన. ఒక మలుపులో తొందరపడి యాక్సిలరేటరు తొక్కింది. ముందు చక్రాలు పట్టు తప్పి కారు లోయ వైపు జరిగింది. "కాలు మెల్లగా తీయి. మనం పోవాల్సిన వైపే చూడు" అన్నాను. కారు దారికొచ్చింది. పక్కన ఆపింది. "దీనితోనే ఇట్లుంటే, అదైతే నన్ను ఏం చేసుండేది అత్తా?" అంది. ఆ కారు మానుకుంది.

5. సంధ్యా, ఇది షరతు కాదు, అత్త మాట. మొదటి కారుకు ఆ మూడొందల్లో సగం పవరు చాలు. బరువు తక్కువగా ఉంటే అదే ఎగురుతుంది. పవరు ఎంత అని అడిగే ముందు బ్రేకులు చూడు. టైర్లు అరిగితే ఎక్కడ దొరుకుతాయో, సర్వీసుకు ఎంత దూరం పోవాలో కనుక్కో. సీట్లో కూర్చుంటే క్లచ్చు చివరిదాకా అందాలి. చక్రాలు జారకుండా ఆపే కంప్యూటరును మొదటి ఏడాది ఆఫ్ చేయొద్దు. డిపాజిట్టు మొత్తం కారుకే పోయకుండా, రేసు ట్రాకు మీద శిక్షణకు కొంత మిగుల్చుకో. వేగం తీర్చుకునే చోటు అదే. మన రోడ్డు మీద గొర్రెల మందలు తిరుగుతాయి.

6. ఘాటు సంగతి తెలిసి ఆనంద్ మా ఇంటికొచ్చి, "నా కాలు చాల్లేదా? బిడ్డను గూడా తీసుకపోయినావా?" అన్నాడు.  మేమిద్దరం గెలిచిన ఒకే ఒక్క కప్పు వాడికి ఇవ్వాలి. దాని మీద అప్పట్లో నా పేరొక్కటే వేశారు. ఈమధ్యనే వాడి పేరు కూడా చెక్కించాను. చాలా ఆలస్యమైంది.

7. ఇవాళ పొద్దున రేణుక కబురు చేస్తే వాడొచ్చాడు. నాలుగో అంశం చదివించుకుని, "పాప కొత్త బండి తోలేటప్పుడు పక్కన ఒకరుండాల గదా అక్కా. నేను కూచుంటాలే" అన్నాడు. సంతోషించాను. కానీ నాకిక స్టీరింగు పట్టే బలం లేదు. వాడు మళ్లీ ఎక్కబోయే కారు నాది కాదు.

పై అంశాలన్నీ చదివించుకుని, నా ఇష్టప్రకారమే ఉన్నాయని తెలుసుకుని సంతకం చేస్తున్నాను.

మార్కాపురం, 18 నవంబరు 2024

(సం.) లక్ష్మీకుమారి

ఆమె మా ఎదుటే సంతకం చేశారు. ఆమె ఎదుటే మేమూ చేశాము:
1. మాలకొండయ్య, విశ్రాంత పోస్టుమాస్టరు
2. శ్యాంసన్, డయాలసిస్ టెక్నీషియన్