వఫ్రా తోటలో విరిగిన చెయ్యి

శుక్రవారం, రాత్రి

ఓబులేసన్న చెయ్యి విరగ్గొట్టినవాడు తోట సూపర్‌వైజర్. ఆ దెబ్బ పడాల్సింది మాత్రం నాకు.

మధ్యాహ్నం కువైట్‌లోని ఈ వఫ్రాలో, ఓబులేసన్న గదిలో, తోటలో పనిచేసే మూడు జంటలకు బైబిలు పాఠం చెబుతున్నాను. ఇక్కడ కూటాలు పెట్టొద్దని సూపర్‌వైజర్ ముందే బెదిరించాడు. అయినా అలవాటు కొద్దీ చెప్పులన్నీ గడప బయటే విడిచాం. ఆ గుట్ట చూసి వాడు తలుపు తన్నుకుని లోపలికొచ్చాడు.

“ఈ కాగితాలెవరివి?” అన్నాడు నా కరపత్రాలు చించుతూ.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. “నావే సార్” అన్నాడు ఓబులేసన్న. ఇనప పైపు అతని మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.

అప్పుడు మూలనున్న పార అందుకున్నాను. వాడి తల పగలగొట్టేవాడినే. ఓబులేసన్న భార్య లక్షుమ్మక్క అడ్డమొచ్చింది.

“దించు నాయనా. శత్రువును ప్రేమించమని పోయిన వారం చెప్తివే, అది మాకేనా, నీకు లేదా?”

దించాను. లోపల మాత్రం వాణ్ణి ఇంకా కొడుతూనే ఉన్నాను. ఇక ఏ నోటితో పాఠం చెప్పాలి...

పొద్దున మా వీసాలిచ్చిన యజమాని, కఫీల్, తోటకు వస్తాడు. కాగితాలు నావని ఆయన ఎదుటే చెబుతాను. ఇక్కడుండే అనుమతి, ఇఖామా, పోతే పోనీ. తోటవాళ్లందరికీ వాయిస్ మెసేజ్ పెట్టాను: కొట్టడం చూసినవాళ్లంతా సాక్ష్యం చెప్పడానికి పొద్దున ఆరింటికి గేటు దగ్గరికి రండి, ఉత్త చేతులతో రండి.