స్టిక్కరున్న వస్తువులు

బావగారికి నమస్కారాలు.

సోమవారం ఉదయం విదేశీ సాయం ఆగిపోయింది. మీరు కాపలా కాసే కొంగల మడుగుకి నీళ్లు తోడే పంపుతో సహా, దాతల స్టిక్కరున్న ప్రతి వస్తువూ శుక్రవారం లారీ ఎక్కాలి. ఇది మా ఆఫీసరు మాట, నాది కాదు. అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది

తా.క.: స్టిక్కరు లేనిది మాత్రం ముట్టుకోవద్దన్నారు.

*

బావమరిదికి ఆశీస్సులు.

పంపు ఆగితే మడుగు రోజుకి జానెడు దిగుతుంది. కొంగలు గుడ్ల మీదున్నాయి. అవి గూళ్లు పెట్టుకున్న మంచెల చుట్టూ నీళ్లున్నంత వరకే కుక్కలు గట్టు మీదుంటాయి. అవి ఇప్పటికే వచ్చి కూర్చున్నాయి.

ఇంకో చిక్కు. పోయినేడు దాతలు వచ్చినప్పుడు స్టిక్కర్లు కనపడలేదని మీ ఆఫీసరు నన్ను కడిగేశాడు కదా. ఆ కోపంలో కట్ట మొత్తం అంటించేశాను. పంపుకి, మంచెలకి, నా సైకిలుకి, మీ అక్క కుక్కరుకి. మంచెలు గుడ్లతోనే పంపనా?

మీ బావ

తా.క.: కుక్కరు కావాలంటే ఆఫీసరునే వచ్చి అడగమంటోంది మీ అక్క.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసరు చదివారు. సాయం డబ్బుతో కుక్కరు కొన్నారా అని మీ మీద విచారణ వేశారు. నేను సర్దిచెప్పబోతే, మంచెలు గుడ్లు దింపేసి పంపమన్నారు.

మీ బావమరిది

తా.క.: గుడ్లకి స్టిక్కరుందా అని కూడా అడిగారు. లేదని రాయండి, బతికిపోతాయి.

*

బావమరిదికి ఆశీస్సులు.

గుడ్లకి లేదు. మంచెలకీ ఇప్పుడు లేవు, స్టిక్కర్లు వానకి ఊడిపోయాయి. వాన పడిందా అని అడగకు.

పంపుది మాత్రం గోకలేదు. అది అందరికీ తెలిసిన పంపు. లారీ ఎక్కకపోతే నీ ఉద్యోగం పోతుంది. గోరు స్టిక్కరు దాకా వెళ్లి వెనక్కి వస్తోంది. ఏం చెయ్యమంటావు?

మీ బావ

తా.క.: కుక్కలు ఇంకో రెండు వచ్చాయి.

*

బావగారికి నమస్కారాలు.

గోకేయండి.

నా ఉద్యోగం గురించి దిగులొద్దు. నా జీతం కూడా ఆ సాయంలోదేనని ఇవాళ తెలిసింది. లారీ తోలించుకు రావడమే నా ఆఖరి పని. పంపు ముఖం నేనెప్పుడూ చూడలేదు, నాకు స్టిక్కరే గుర్తు. అది లేనిది ముట్టుకోవద్దని ఆఫీసరు రాతపూర్వకంగా ఇచ్చారు. ఆయన గుర్తింపు కార్డు మీదా స్టిక్కరే, ఆయన ఉద్యోగమూ పోయింది, కాబట్టి మీ విచారణ కూడా ఆగింది. నా కార్డుది నేను పొద్దున్నే గోకేశాను.

రెండు పీపాల డీజిలు తెస్తున్నాను. ఆ జిడ్డుకి వాటి మీద ఏ స్టిక్కరూ నిలవలేదు. కొంగపిల్లలు ఎగిరేదాకా పంపు నేను చూసుకుంటాను. నేర్పండి.

మీ బావమరిది

తా.క.: లారీ శుక్రవారం పదింటికి గట్టు మీదికి వస్తుంది, మీ సైకిలెక్కించుకుని వెళ్లిపోతుంది. కుక్కరుది అక్కని గోకమనండి. మధ్యాహ్నం భోజనానికి నేనుంటాను.