బల్ల మీద నేరం

సూర్యాపేట, 1949 డిసెంబరు

బావగారికి మరదలి నమస్కారాలు. కోదాడలో మీ బిడ్డ ఇంట్లో మీరూ అక్కా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

మీ తమ్ముడు పక్కన కూర్చుని రాయించిన మాట ఇది: "అన్నా, కొత్త రంపం మిషను బిగించిన. దుంగను మోసే జారే బల్ల వంకర పోతున్నది. రంపం చక్రానికి ముందు దిక్కు పన్నుకు కుదిరితే వెనక పన్నుకు కుదుర్తలేదు. నీ కన్ను పడితేనే సక్కగైతది. జర వచ్చిపో."

ఇప్పుడే ఇంజనుకు నూనె పోయడానికి లేచారు. ఇక నా మాట.

బల్ల నిన్ననే కుదిరింది. దారం పట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. పాత చెక్క కోస్తే అద్దంలా వచ్చింది. పసుపు రాసిన టేకు దుంగను మాత్రం ఎవరినీ ముట్టనివ్వడం లేదు. కొత్త పనిముట్టుతో తొలి కోత ఇంటి పెద్దదే కదా.

మిషను దిగిన రోజు "ఇగ నాతోని ఏం పని" అని మీరు వెళ్ళిపోయారు. మీరు దుంగ మీదా ఆయన కింద గుంటలోనూ నిలబడి ఇన్నేళ్ళు ఒకే రంపం లాగారు. మీరు వెళ్ళినప్పటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. "నిన్ను చూడాలని ఉంది అన్నా" అనడానికి నోరు రాక, బల్ల మీద నేరం మోపారు.

తప్పక రండి. బయలుదేరే ముందు మాత్రం కబురు చేయండి. బల్ల బోల్టులు మళ్ళీ వదులు చేసుకోవడానికి ఆయనకు కాస్త సమయం కావాలి.

మీ మరదలు