బాగు కాకముందే కృతజ్ఞత కూడిక

జమ్మలమడుగు,
12 నవంబరు 2024.

పులివెందులలో ఉన్న నా తమ్ముడు సునీల్‌కు,

ప్రభువు పేరుతో వందనాలు. ఆ పేరు నీకు గిట్టదని తెలిసే రాస్తున్నాను. చించేసేటట్టయితే చివరిదాకా చదివి చించు.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి, శెనగ మొలక బాగుంది. చీనీ తోటల్లో నీ డ్రిప్పు పైపుల పని ఎట్లా ఉంది? మరదలు పద్మశ్రీకి నడుము నొప్పి తగ్గిందా?

ఇక అసలు సంగతి. ఈ నెల ఇరవై మూడు, శనివారం సాయంత్రం మన ఇంటి ముందు షామియానా వేయించి, సంఘాన్నంతా పిలిచి కృతజ్ఞత కూడిక పెడుతున్నాను. నా గొంతులోది క్యాన్సరని తెలిసిన రోజు నువ్వు ఫోన్లో, ఇంగా ఆయప్పనే పట్టుకోని ఏలాడతాండావా అని అరిచావు. అవును, ప్రభువును పట్టుకునే ఉన్నాను.

పాస్టరయ్య మనోహర్ గారు మంచివాడే. జబ్బు నయమైనాక కదమ్మా కృతజ్ఞత కూడిక పెట్టేది, ఇప్పుడు స్వస్థత ప్రార్థన పెట్టుకుందాం అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. సంఘంలో యశోదమ్మ అయితే, నాకు జబ్బు తలకెక్కిందని అందరికీ చెప్పుకొచ్చింది. చెప్పుకోనీ. ఆమె బిడ్డకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడికకు కోడికూర వండింది నేనే. నయమైతేనే స్తోత్రం చెప్పడానికి ఇదేమీ అంగడి బేరం కాదు. జబ్బు నా గొంతు తిన్నది, సరే. నా సంతోషం కూడా తినిపోతానంటే ఒప్పుకోను.

పక్కింటి లాల్‌బీ, ఏం మేలు జరిగిందని ఇంతమందికి అన్నం పెడతాండావక్కా అని అడిగింది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వేసి, ఉల్లిగడ్డలు తరిగేది తానేనని చెప్పి పోయింది.

నేనేదో ధైర్యవంతురాలినని అనుకోవద్దు. కడప ఆసుపత్రిలో గోడవైపు తిరిగి రోజుల తరబడి ఏడ్చాను. ఒక పొద్దున, నాయన శెనగచేలో కలుపు తీస్తూ కట్టిన పాట గుర్తొచ్చింది. మనసులోనే పాడుకున్నాను. ఏడుపు ఆగలేదు, కానీ ఆ ఏడుపు మధ్యలోనే సంతోషం వచ్చి నా పక్కన కూర్చుంది. నొప్పి ఎక్కడికీ పోలేదు. అయినా ఆ పొద్దున ప్రభువు నన్ను విడిచిపెట్టలేదని తెలిసింది. ఈ కూడిక అందుకే.

నీ పాప సమాధి దగ్గర, ఇంగ ఈ నోట పాట రాదక్కా అన్నావు. మూడేళ్లయింది. నిన్ను నేను తప్పుపట్టను. ఆ పసిది ఎందుకు పోయిందో నాకూ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ల నోరు నేనే మూయించాను, నీకూ గుర్తుండే ఉంటుంది. కోపంగా ఉంటే కోపంతోనే రా. ప్రభువు ముందర నిలబడి నీ నోటితోనే అడుగు. ఇంట్లో కూర్చుని పళ్లు కొరికితే ఏం లాభం?

ఆ రోజు నాయన పాట పాడాలి. మాటలన్నీ ఆయన నోటుబుక్కులో ఉన్నాయి. ముందు వరుసలో నీకు చాప వేయిస్తాను.

ఇట్లు,
నీతో పోట్లాడడం మానని అక్క,
వనజమ్మ

తా.క.: ఆపరేషన్ క్రిస్మస్ తర్వాత అని పాస్టరయ్యతో నీకు చెప్పించాను. అది అబద్ధం. అయిపోయి ఇరవై ఆరు రోజులైంది. గొంతులో మాట పలికే పెట్టెను పూర్తిగా తీసేశారు. నీ ఫోన్ ఎత్తనిది అందుకే. ఇంకా రేడియేషన్ కరెంటు పెట్టాలంట. నా మీద జాలితో వస్తావని దాచాను గానీ, అబద్ధం దగ్గర పెట్టుకొని కృతజ్ఞత చెప్పలేను. నాయన పాట రాగం మనిద్దరికే తెలుసు. ఇప్పుడు అది నీ గొంతులో మాత్రమే ఉంది. పాడమని ఇంకెవరినీ అడగలేదు, అడగను. కంజీర పట్టుకొని కూర్చుంటాను. నువ్వు పాట ఎత్తుకునేదాకా చెయ్యి ఆడించను.