గండికి అవతలి మంత్రసాని

రోడ్ల శాఖ ముఖ్య ఇంజనీరు గారి సముఖమునకు ఊరి మండలి అధ్యక్షుడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొండచరియ విరిగిపడి మా ఊరి రోడ్డు కొట్టుకుపోయినందున, బాగుచేయుటకు నిధులు మంజూరు చేయుట గురించి – రెండవ పర్యాయం.

1. మొన్నటి వానలకు మా ఊరికున్న ఒకే ఒక్క రోడ్డులో, పిండిమరకూ బడికీ మధ్య భాగం లోయలోకి జారిపోయినదని ఇదివరకే మనవి చేయడమైనది. తమ శాఖ ఇన్‌స్పెక్టరు గారు విచ్చేసి, ఇవతలి రోడ్డు బాగున్నదనీ, అవతలి రోడ్డు బాగున్నదనీ వ్రాసుకొన్నారు. "మరి మధ్యలో?" అని నేను అడగగా, "మధ్యలో రోడ్డే లేదు కదండీ, లేనిదానికి రిపేరు ఎలా రాస్తాం?" అని సెలవిచ్చినారు. సగమైనా మిగలకుండా పూర్తిగా పోవుట మా రోడ్డు చేసిన తప్పు.

2. కొత్త రోడ్డు అడుగుటకు మండలి తీర్మానం ఉండవలెనన్నారు. సభ్యులలో సగం మంది ఇవతల, సగం మంది అవతల చిక్కుకొనిరి. అందుచేత గండికి ఇరుపక్కలా బల్లలు వేసుకొని, కేకలతో సభ జరిపినాము. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గినది. కొండ కూడా రెండుసార్లు "సరే" అన్నది గానీ, ఆ ఓట్లు లెక్కలో కలపలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. అందరి సంతకాలు ఒకే కాగితం మీద లేవని తమ కార్యాలయం దానిని తిప్పి పంపినది. ఆ కాగితాన్ని రాయికి కట్టి అవతలికి విసరగా, అది ఉపాధ్యక్షుల వారి నుదుటికి తగిలినది. ఆనాటి నుండి ఆయన ప్రతిపక్షం.

3. ఈ అంశం సొంత విషయమే అయినను ఊరికి సంబంధించినది. ఊరి మంత్రసాని నా భార్య. చరియ విరుగుటకు ముందురోజు మాకు మాటా మాటా పెరిగి, ఆమె అవతల ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళినది. తెల్లవారేసరికి రోడ్డు లేదు. కోపం తగ్గినా తిరిగి వచ్చుటకు దారి లేదు. తగ్గనూ లేదు. అటుపై మా సంసారం మొత్తం గండి మీదుగానే నడిచినది. "ఏవండీ అధ్యక్షుల వారూ! మూడు రోజులుగా అదే చొక్కానా?" అని అవతలి నుండి ఆమె. "సభలో సొంత విషయాలు ఎత్తకూడదు!" అని ఇవతలి నుండి నేను. ఇరుపక్కలా జనం బల్లల మీద కూర్చొని వినేవారు.

4. గడచిన మంగళవారం మధ్యాహ్నం వడ్రంగి కోడలికి, ఇంకా నెల గడువుండగానే, నొప్పులు మొదలైనవి. పట్నం ఆసుపత్రికి ఫోను చేస్తే బండి బయలుదేరిందన్నారు. నొప్పులు బండి కోసం ఆగవు కదండీ. వడ్రంగి ఎవరికో చేసిన కొత్త తలుపు మీద ఆ పిల్లను పడుకోబెట్టి, గండి పక్కనున్న పిండిమరలోకి మోసుకొచ్చాం. లోపల ఆ పిల్ల అత్తగారు, గుమ్మంలో నేను, అవతలి అంచున నా భార్య.

"తల కనిపిస్తోందా?" అని ఆమె కేక.

"ఎవరి తల?" అన్నాను.

"మీ తల! బిడ్డ తలండీ! ముక్కమనండి!"

"ముక్కమ్మా!" అని లోపలికి అరిచాను.

"ఇప్పుడొద్దు! ఆగమనండి!"

"ఆగు! ఆగు!" అని ఇవతలి సభ్యులందరూ నాతో గొంతు కలిపారు. వీరు నన్ను బలపరచడం ఇదే ప్రథమం.

బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

"ఏడ్చిందా?" అని అడిగింది నా భార్య. లేదని చెప్పబోతే, అరిచి అరిచి నా గొంతు పూర్తిగా పోయింది. అంత దూరం నుంచి కూడా ఆమెకు అర్థమైంది. "నోరు తుడిచి వీపు రుద్దమనండి! గట్టిగా!" అంది. ఆ మాట లోపలికి అందించే గొంతు కూడా నాకు లేదు. అందుకని నేనే లోపలికి పరుగెత్తి, ఆ పసిగుడ్డును చేతుల్లోకి తీసుకుని నోరు తుడిచాను, వీపు రుద్దాను. రుద్దుతూనే ఉన్నాను. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపును అవతలికి ఎవరూ కేకేసి చెప్పవలసిన పని లేకపోయింది.

ఆడపిల్ల. గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి ఎత్తి చూపించాను. "మెడ కింద చెయ్యి పెట్టండి!" అని అరిచి, నా భార్య అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నాకు కనిపిస్తూనే ఉంది. వెళ్ళడానికే దారి లేదు.

బండి ఆ తరువాత వచ్చినది. రోగి ఎవరని డ్రైవరు అడగగా, నేను బదులు పలకలేక నోరు తెరిచినందున, ముందు నన్నే ఎక్కించబోయినాడు. తల్లీ బిడ్డా క్షేమం.

5. కావున తమరు పై సంగతులన్నీ చిత్తగించి, రోడ్డు బొత్తిగా లేకపోవుటను కూడా ఒక విధముగా పాడైపోవుటగానే దయతో ఎంచి, నిధులు మంజూరు చేయవలెనని ప్రార్థన. ఈసారి కాగితం గుడ్డ బంతికి కట్టి విసిరినాము. ఉపాధ్యక్షుల వారు సహా అందరి సంతకాలూ ఉన్నవి.

ఇట్లు,
గొంతు ఇంకా తిరిగిరాని తమ విధేయుడు,
ఊరి మండలి అధ్యక్షుడు

తా.క.: నిన్న సాయంత్రం గండి దగ్గరికి ఊరికే వెళ్ళానండీ. ఆవిడా వచ్చింది. తిన్నావా అని చేత్తో అడిగాను. తలూపింది. తరువాత మెల్లగా ఏదో అంది. పెదవులు కదలడం చూశాను గానీ మాట గాలికి పోయింది. చెవి దగ్గర చెయ్యి పెట్టి, మళ్ళీ చెప్పమన్నాను. అటూ ఇటూ బల్లల మీదున్న జనాన్ని చూసి, "అరిచి చెప్పే మాట కాదు! ముందు రోడ్డు వేయించండి!" అని అరిచింది. కొంచెం త్వరగా చూడండి సార్.