నాలుగో మూల మూయని బొంత

హైదరాబాదు బోరబండలో, రైల్వే స్టేషన్ వెనక సందులో, కిరాయి ఇంటి రెండో అంతస్తులో ఉండే మొగిలి, భాగ్యమ్మల పెద్ద కూతురు లీదియా అనే నేను, వయసు ఇరవై తొమ్మిదేళ్లు, వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, నా తదనంతరం నా వస్తువులు ఎవరెవరికి చెందాలో ఈ కాగితం మీద నా చేతితో రాస్తున్నాను. ఎవరూ రాయమనలేదు. వద్దన్నవాళ్లే ఎక్కువ. నా బుద్ధి నిలకడగానే ఉంది. గుండె సంగతి డాక్టర్లు చూసుకుంటారు.

చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం వల్ల నా గుండెలో ఒక కవాటం పాడైంది. వచ్చే మంగళవారం దాన్ని మారుస్తారు. డాక్టరు గారు ధైర్యం చెప్పారు. నేను ధైర్యంగానే ఉన్నాను. కానీ మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే కాబట్టి, రేషన్ కార్డు నుంచి గ్యాస్ కనెక్షన్ దాకా కాగితం పని ఏది వచ్చినా నా మీదే పడింది. ఈ కాగితం ఒక్కటి మాత్రం ఇంకెవరు రాస్తారు?

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. నేను బతికి ఉండగా దీన్ని మార్చుకునే, చించేసే హక్కు నాకు ఉంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ప్రియాంకకు అప్పగిస్తున్నాను. ఆమెది కడప. ఆఫీసులో నా పక్క కుర్చీ. ఏ పని చెప్పినా ముందు తిడుతుంది, తరువాత అందరికంటే ముందు చేసి పెడుతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు, "ఏందిమే ఈ చావు రాతలు? నోరు మూసుకోని పోయి ఆపరేషన్ చేయించుకోని రాపో" అంది. మర్నాడు వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదని కనుక్కొని వచ్చింది కూడా ఆమే.

2. బ్యాంకులో, పీఎఫ్‌లో ఉన్నది, ఆఫీసు ఇన్సూరెన్సు ద్వారా వచ్చేది అమ్మానాన్నలకు సమానంగా చెందాలి. అందులోంచి ముందుగా నా చెల్లెలు స్టెల్లా నర్సింగ్ చదువు పూర్తి కావాలి. చదువు మధ్యలో ఆపి సంబంధాలు చూడరాదు. ఇది కోరిక కాదు, షరతు.

3. నా స్కూటరు స్టెల్లాకు ఇస్తున్నాను. అడగకుండా తీసుకెళ్లడం ఆమెకు ఎలాగూ అలవాటే. ఇకమీదట అడగనక్కర్లేదు. హెల్మెట్టు కూడా ఇస్తున్నాను. దాన్ని అద్దానికి తగిలించి తిరిగితే స్కూటరు మీద ఆమె హక్కు పోతుంది.

4. పుప్పాలగూడ అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా మా నాన్న మొగిలి కూర్చునే కుర్చీ మీద మడిచి వేసిన పాత బొంత నాన్నది. అది నేను ఇవ్వాల్సిన వస్తువు కాదు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే అసోసియేషన్ సెక్రటరీ గారు దాన్ని తీసేయమని రెండుసార్లు అన్నారు. గేటు దగ్గర చూడ్డానికి బాగుండదట. దాన్ని ఎవరూ తీసేయరాదు, ఉతికిస్తామన్న వంకతో కూడా తీసుకెళ్లరాదు.

ఆ బొంత గురించి కొంచెం చెప్పాలి. బోరబండలో మా అమ్మను బొంతల భాగ్యమ్మ అనేవారు. ఎవరి పాత చీరలు వాళ్లు తెచ్చి ఇస్తే, కూలికి బొంతలు కుట్టి ఇచ్చేది. నా బడి ఫీజులు ఆ సూది మొన మీదుగా వచ్చాయి. నాకు ఉద్యోగం వచ్చిన నెలలో అమ్మ ఇంట్లో ఉన్న బొంతలన్నీ మూటకట్టి బయటికి పంపించేసింది. నేను కొన్న మెత్తటి దుప్పట్లు పరిచింది. సూదులు, దారం ఉండలు పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. "ఇగ సూది ముట్ట" అంది. ముట్టలేదు కూడా. అంగీ గుండీ ఊడినా స్టెల్లానే కుట్టాలి. ఆ మూటలోంచి నాన్న ఒక్క బొంతను లాగి, చంకలో పెట్టుకొని డ్యూటీకి పోయాడు. అదే ఇది. ఎందుకు దాచావని అడిగితే, "ఊకె" అన్నాడు. నాన్న ఏ ప్రశ్నకైనా అంతకంటే పొడుగు జవాబు ఇవ్వడు.

5. బొంతలకు సంబంధించిన మిగతా నిబంధనలు అర్థం కావాలంటే, నేనూ, మా ఆఫీసువాళ్లూ ఈ పనిలోకి ఎలా వచ్చామో రాయాలి. మేమెవరమూ కావాలని రాలేదు.

శుక్రవారం సాయంత్రాలు మా టీము షటిల్ ఆడుతుంది. నాకు ఆయాసం కాబట్టి గోడ పక్కన కూర్చొని వాళ్ల సంచులకు కాపలా ఉండేదాన్ని. మా ఆఫీసులో అన్నిటికీ టీషర్టులు పంచుతారు. ప్రాజెక్టు మొదలైతే ఒకటి, పూర్తయితే ఒకటి, ఏమీ జరగకపోతే ఆ ఖాళీలో ఒకటి. ఒకసారి మా ప్రాజెక్టు ఉన్నట్టుండి మూసేశారు. సగం మంది వేరే టీములకు వెళ్లిపోయారు. డ్రాయర్లలో ఆ ప్రాజెక్టు పేరున్న నీలం టీషర్టులు మిగిలిపోయాయి. వాటితో హౌస్‌కీపింగ్ వాళ్లు బల్లలు తుడుస్తుంటే మనసొప్పక అన్నీ ఏరి తెచ్చుకున్నాను. కోర్టు పక్కన కూర్చొని ముక్కలు కోసి, ఒకదానికొకటి కలిపి కుట్టడం మొదలుపెట్టాను. టీషర్టు గుడ్డ సాగుతుందని నాకు తెలియదు. నా మొదటి బొంత కాల్చిన అప్పడంలా లేచింది.

నాకు ఎవరూ నేర్పలేదు. నాన్న డ్యూటీ దిగే వేళకు గేటు దగ్గరికి వెళ్లి, ఆ కుర్చీ మీది బొంతను తిరగేసి అమ్మ కుట్టు చూసి నేర్చుకున్నాను. అడుగున పాత నేత చీర వేస్తే సాగే గుడ్డ కూడా చెప్పిన మాట వింటుందని ఆ బొంతే చెప్పింది.

ఇంట్లో తెలిసిన రోజు అమ్మ అన్నం తినలేదు. "నీ చేతికి సూది రావద్దనే గద నేను సూది వట్టింది. గింత చదివి బొంత కుట్టుడేంది బిడ్డా?" అంది. ఇది హాబీ అమ్మా అన్నాను. "హాబీ అంటే ఏంది?" అంది. పైసలు రాకున్నా ఇష్టంతో చేసే పని అని చెప్పాను. "గట్లయితే ముప్పయి ఏండ్ల సంది మీ నాయినకు వండుడు నా హాబీయా?" అంది. నాన్న నవ్వాపుకోలేక నీళ్ల బిందె తీసుకొని కిందికి పోయాడు. ఆ రోజు నుంచి నా బొంతల వైపు అమ్మ చూడలేదు. నేను కుట్టేటప్పుడు ఆ గదిలోకి రాదు.

6. గుడ్డముక్కలు దాచుకున్న నా రేకు పెట్టె ప్రియాంకకు ఇస్తున్నాను. ఆమె మొదలుపెట్టిన తీరు ఇది. పాత చీరలకు స్టీలు సామాన్లు ఇచ్చే బండివాడికి వాళ్ల అత్తగారు ఒక కట్ట చీరలు వేసింది. అందులో ప్రియాంక జేజి, అంటే వాళ్ల నాయనమ్మ, కట్టిన మిరపపండు రంగు చీర ఉంది. ప్రియాంక చెప్పుల్లేకుండా మూడు వీధులు బండి వెనక పరుగెత్తి, ఆ చీర వెనక్కి తెచ్చుకుంది. దానికి బదులుగా ఇంట్లోని కొత్త కుక్కర్ మూతతో సహా ఇచ్చి వచ్చింది. చీర అంతా చిరుగులు. కట్టుకోవడానికి పనికిరాదు, పారేయడానికి చేతులు రావు. అది పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆ చీర బొంతై ఆమె కొడుకు మీద ఉంది. వాళ్ల అత్తగారు మాత్రం కుక్కర్ సంగతి ఇంకా మరిచిపోలేదు.

7. నా పెద్ద కత్తెర, వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ మా మేనేజరు మధుసూదన్ గారికి ఇస్తున్నాను. సిగరెట్ మానేశాక ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒక శనివారం మేము కుట్టే చోటికి, ప్రొజెక్టర్ సరిచేయడానికి వచ్చానండీ అంటూ వచ్చారు. అక్కడ ప్రొజెక్టర్ లేదు. టీ తాగారు, కూర్చున్నారు, సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు. మరుసటి శనివారం సొంత సూది తెచ్చుకున్నారు. ఆయన కుట్టు మా అందరికంటే సన్నం. కానీ ఆయన మీద నాకు ఒక కోపం ఉంది, దాన్ని ఇక్కడే రాసి వదిలేస్తున్నాను: నేను సెలవులో ఉన్నప్పుడు నా బొంత అంచు వంకరగా ఉందని విప్పి తిరిగి కుట్టారు. సార్, ఆఫీసులో నా తప్పులు దిద్దండి. నా వంకర నాకు వదిలేయండి.

8. ప్రియాంక వాళ్ల అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో శనివారాలు కలిసే మా గుంపుకు నా కుట్టు దీపం, చాప చెందాలి. గుంపుకు ఇంగ్లీషు పేరు పెడదామని అందరూ అంటే, "బొంత" అనే ఉండాలని పట్టుబట్టింది నేను. ఆ పేరు మార్చరాదు. ఆ మాటతో నన్ను బడిలో ఏడిపించారు. ఇప్పుడు అదే మాట పలకడానికి గచ్చిబౌలి నుంచి, నిజాంపేట నుంచి జనం బస్సెక్కి వస్తున్నారు.

9. ఇప్పుడు అసలు సంగతి. మా మూసేసిన ప్రాజెక్టు నీలం టీషర్టులతో, అడుగున అమ్మ పాత చీరలు రెండు వేసి నేను మొదలుపెట్టిన పెద్ద బొంత ఇంకా పూర్తి కాలేదు. ముక్కలన్నీ అతికాయి, అంచులు మూయాలి. అమ్మ పద్ధతిలో మూడు మూలలు మూసి, నాలుగో మూల చెయ్యి పట్టేంత తెరిచి ఉంచుతారు. మూసేముందు అందులోంచి నాలుగు జొన్న గింజలు లోపలికి వేస్తారు. "బొంత కడుపు ఖాళీగ మూయొద్దు, కప్పుకున్నోళ్లకు ఆకలైతది" అని చిన్నప్పుడు అమ్మ చెప్పేది. ఈ బొంతను అలాగే, పూర్తి కాకుండానే, అమ్మకు ఇస్తున్నాను. దీన్ని అమ్మ చేత్తో మూయాలని నా ఆశ. అమ్మ సూది ముట్టనంటే బలవంతం చేయరాదు. అప్పుడు శనివారం గుంపు పూర్తి చేసి, తిరిగి అమ్మకే ఇవ్వాలి.

ఇంతవరకు ఉదయం రాశాను. కింది భాగం సాయంత్రం రాస్తున్నాను.

సాక్షిగా సంతకం పెట్టడానికి కింది అంతస్తు భీమేశ్వరరావు గారిని పిలిచాను. ఆయన రిటైరైన గుమాస్తా, గోదావరి వైపు మనిషి. సాక్షులకు వీలునామాలో ఏమీ రాయకూడదనే చట్టం సంగతి చెప్పింది కూడా ఆయనే, కాబట్టి ఆయన అడిగిన దిండు గలీబు ముందే చేతికి ఇచ్చేశాను. చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదండీ అంటూ మొదటినుంచి గొంతెత్తి చదివారు. సాక్షి వీలునామా చదవనక్కర్లేదని నేను చెప్పేలోపు తొమ్మిదో నిబంధనకు వచ్చారు. అమ్మ వంటింట్లో ఉంది.

గిన్నెల చప్పుడు ఆగింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సారూ, గా కాయిదంల కెల్లి నా పేరు కొట్టెయ్యుండ్రి" అంది. భీమేశ్వరరావు గారు కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు. అమ్మ ఆయన్ని దాటుకొని వెళ్లి మంచం మీది బొంత తీసి గడప దగ్గర వెలుతురులో పరిచింది. నీలం ముక్కల మీద చెయ్యి ఆడించింది. తిప్పి అడుగున తన చీరలు చూసింది. ఒకచోట ఆగి, "గీ వంకర నీదేనా?" అంది. నాదే అన్నాను. "నాకూ గిట్లనే వోతది" అంది. తరువాత చెయ్యి చాపింది. సూది ఇమ్మని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

మొదటి మూల మూస్తూ అమ్మ ఎవరికీ చెప్పని మాట చెప్పింది. నేను కడుపులో ఉన్నప్పుడు, ఎవరూ అడగకుండా, కూలి లేకుండా, తన ఇష్టానికి ఒక బొంత కుట్టిందట. "గదే నా మొదటిది. కూలి బొంతలు గా తర్వాతనే. నువ్వు జెప్పిన హాబీ గదేనేమో" అంది. ఆ బొంత ఏమైందని అడిగాను. "మీ నాయిన కుర్చీ మీద ఉంది గద. ఎరుక లేదా?" అంది. డ్యూటీ దిగి వచ్చిన నాన్న గోడ వైపు తిరిగి సెల్లు చూసుకుంటున్నాడు. సెల్లు ఆన్‌లో లేదు.

పొద్దు గూకేసరికి మూడు మూలలు మూసింది. డబ్బాలోంచి నాలుగు జొన్న గింజలు తెచ్చి నాలుగో మూలలోంచి లోపలికి వేసింది. చీమలు పట్టవా అమ్మా అని భీమేశ్వరరావు గారు అడిగితే, "వడితే దులుపుకోవాలె సారూ" అంది. దారం ముడి వేయకుండా సూదిని ఆ మూలకే గుచ్చి, బొంత మడిచి నా ఒడిలో పెట్టింది.

"గీ మూల నీది. దవాఖాన నుంచొచ్చి కుట్టుకో. నువ్వొచ్చేదాంక ఎవ్వలను కప్పుకోనియ్య" అంది.

కాబట్టి తొమ్మిదో నిబంధనను రద్దు చేసి, దాని స్థానంలో ఇది రాస్తున్నాను:

9. నీలం బొంతలో అమ్మ మూసిన మూడు మూలలు అమ్మవి. నాలుగో మూలను నేను ఎవరికీ రాయడం లేదు. దాన్ని, దానికి గుచ్చిన సూదిని, ముడి వేయని దారాన్ని నాకే ఉంచుకుంటున్నాను.

ఎవరి ఆస్తి వాళ్లకే రాసుకోవడం చట్టంలో కుదరదండీ అని భీమేశ్వరరావు గారు అన్నారు. కుదరదని తెలుసు, అలాగే ఉండనివ్వండి అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి, రెండో సాక్షిగా నతానియేల్‌ను కూడా పిలిపించి, నా సంతకం కాగానే తన సంతకం పెట్టారు.

బోరబండ, హైదరాబాదు
2025 నవంబరు 22, శనివారం

(సంతకం) ఎం. లీదియా

మా కళ్లెదుట లీదియా సంతకం చేయగా చూసి, ఆమె ఎదుటనే సంతకం చేసిన సాక్షులు:

1. భీమేశ్వరరావు, రిటైర్డ్ గుమాస్తా, మొదటి అంతస్తు
2. నతానియేల్, సందు చివరి మందుల షాపు